రెండో రాత్రి కథ ఎక్కడ పోయింది



పోస్టు కొంచెం పొడుగు, ఓపికతో చదవండి. ఇందులో మా తప్పు ఉంది. చివర్లో మీతో పని కూడా ఉంది.

మన ప్రధాన్ తాత కిక్రీ వాయిస్తూ మూడు రాత్రులు చెప్పిన కథను ఎండాకాలంలో రికార్డు చేసినం గదా. అందులో రెండో రాత్రి ఇప్పుడు మన దగ్గర లేదు. ఎవరూ ఎత్తుకపోలేదు, డిస్కు పాడు కాలేదు. మేమే చెరిపినం.

హైమన్‌డార్ఫ్ 1940లల్ల మన మార్లవాయిలో ఉండి తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నయి. మన తాతల గొంతులన్నా మన దగ్గరే ఉండాలని పాత డెస్క్‌టాప్‌లో 1 టీబీ డిస్కు వేసి, బాకులా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో బ్యాకప్ సర్వర్ పెట్టుకున్నం. అది డేటాను వాల్యూమ్‌లలో దాస్తది. వాల్యూమ్ అంటే వడ్లు పోసే గుమ్మి అనుకోండి. ఒక్కోటి 45 జీబీ చొప్పున 20 పెట్టినం, మొత్తం 900 జీబీ. పరిమితి పెట్టకపోతే డిస్కు మొత్తం నింపేస్తదని 20 దాటొద్దని కూడా రాసినం. ఒకటి నిండితే దాని స్థితి ‘అపెండ్’ నుంచి ‘ఫుల్’ అయితది, తర్వాతిదాంట్ల పోయడం మొదలుపెడతది. నిండినదాన్ని మళ్లీ వాడాలంటే గడువు తీరాలె. మనం ఏమీ రాయకపోతే ఆ గడువు 365 రోజులు, అదీ చివరిసారి రాసిన రోజు నుంచి లెక్క.

మేము దాన్ని అట్లనే వదిలినం. నెలకొక ఫుల్ బ్యాకప్, ఒక్కోటి దగ్గర దగ్గర 150 జీబీ. అంటే ఏడాదికి 1800 జీబీ కావాలె, ఉన్నది 900. ఆరు నెలలకే నిండుతదని మొదటి రోజే కాగితం మీద తేలేది. మా గదిలో మ్యాథ్స్ చదివేటోళ్లం ముగ్గురం ఉన్నం, ఒక్కరం కూడా ఈ గుణకారం చేయలే.

దీపావళికి దండారి వీడియోలు తెచ్చినం, గుస్సాడీలవి, 40 జీబీ. బ్యాకప్ మొదలైంది, ఆగిపోయింది. రాయడానికి వాల్యూమ్ దొరకలేదని చెప్పి ఎదురుచూస్తూ కూర్చుంది. ఇరవైకి ఇరవై ‘ఫుల్’. ఒక్కదానికీ ఏడాది నిండలే.

అప్పుడు ఇంకో డిస్కు కొనాల్సింది. లేదంటే నడిమి నెలల బ్యాకప్‌లు చూసి వదలాల్సింది. జూన్‌ది, జూలైది పోయినా నష్టం లేదు, ఆ ఫైళ్లే అక్టోబరు బ్యాకప్‌లోనూ ఉన్నయి. మేము మాత్రం పాతది అంటే పనికిరానిది అనుకున్నం. కన్సోల్‌లో పర్జ్ కమాండ్ కొట్టి 1, 2 నంబర్ల వాల్యూమ్‌లను ఖాళీ చేసినట్టు గుర్తు పెట్టినం. ఒకటి సరిపోయేది, ఎందుకైనా మంచిదని రెండు. ఈ కమాండ్ ప్రమాదం అని అదే పెద్ద అక్షరాల్లో చెప్పింది. చదవలే. పొద్దున్నే బస్సుకు పోవాలె.

ఆ పాతదాంట్ల ఏముందో గుర్తు రాలే. తాత రికార్డింగులు మే నెల మొదటి బ్యాకప్‌లో ఎక్కినయి. ఆ వారమే లాప్‌టాప్ నిండిందని, ‘సర్వర్‌లో ఉన్నయి గదా’ అనుకొని లాప్‌టాప్‌లవి తీసేసినం. మా ఫోన్లలవి అంతకు ముందే పోయినయి. అప్పటి నుంచి అది బ్యాకప్ కాదు, మన దగ్గర ఉన్న ఒక్క కాపీ అదే. ఈ సంగతి మాకు ఐదారు నెలలు తట్టలే.

దండారి అయిన రెండు వారాలకు తాత పోయిండు. మనుమడు ఫోన్ చేసి, “అన్నా, కర్మ రోజు తాత గొంతు ఊరోళ్లకు వినిపిద్దాం, పంపుతవా” అన్నడు. వెతికితే ఆ ఫైళ్ల పేర్లు కూడా కనపడలే.

ఒక్క మంచి పని చేసినం: సర్వర్‌ను అప్పటికప్పుడు ఆపినం. పర్జ్ చేస్తే బాకులా తన ఖాతాలో ఉన్న రాతలనే కొట్టేస్తది. లోపలి డేటా, దాని మీద ఇంకొకటి రాసేదాక అట్లనే ఉంటది. 1వ నంబరు మీద దండారి వీడియోలు మొదటి నుంచి ఎక్కినయి, కాబట్టి అది పోయింది. 2వ నంబరు ఇంకా అంటుకోలే. తర్వాతి ఫుల్ బ్యాకప్‌కు నాలుగు రోజులే ఉండె. బీస్కాన్ అనే దాంతో ఆ వాల్యూమ్‌ను చదివించి ఖాతాలోకి మళ్లీ ఎక్కించినం. తెల్లారేసరికి మొదటి రోజుది, మూడో రోజుది వచ్చినయి. రెండో రాత్రిది వేరే ఫోన్‌తో తీసినం, ఆ ఫోల్డరు ముందుగా ఎక్కి 1వ నంబరులో ఉండె.

కర్మ రోజు ఆ రెండే వినిపించినం. ఒక అవ్వ “నడుమది ఏదిరా” అని అడిగింది. మా దగ్గర మాట లేదు.

ఇప్పుడు పెద్దోళ్ల రికార్డింగులకు వేరే పూల్ పెట్టినం, దాంట్ల రీసైకిల్ లేదు. విత్తనాల గుమ్మిలో చెయ్యి పెట్టం గదా, అట్ల. మిగతావాటికి గడువు 120 రోజులు చేసినం. ఎవరన్నా ఇట్ల మార్చుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: సెట్టింగుల ఫైలులో మార్చినంత మాత్రాన పాత వాల్యూమ్‌లకు కొత్త గడువు రాదు. కన్సోల్‌లో అప్‌డేట్ చేసి వాటికి విడిగా వర్తింపజేయాలె. మేము రెండు రోజులు అది తెలియక సంతోషంగ ఉన్నం. ఇంకో కాపీ విడి డిస్కులో తాత వాళ్ల ఇంట్లనే పెట్టినం.

ఇగ మీతో పని. మనుమడికి ఆ నడిమి కథ సగమే గుర్తుంది. ఇంకో ప్రధాన్ చెప్తే కథ దొరుకుతది కానీ తాత గొంతు దొరకదు. ఆ రెండో రాత్రి అక్కడ కూర్చున్నోళ్లు చాలామంది ఫోన్లు పట్టుకొని ఉండె. రెండు నిమిషాల ముక్క ఉన్నా, మసకగ ఉన్నా, నడుమ పిల్లలు ఏడ్చినా సరే, చెప్పండి. మేమే వచ్చి కేబుల్‌తో ఎక్కించుకుంటం. మేము వచ్చి పోయినంక కూడా మీ ఫోన్లలది చెరపకండి.