చౌక ధర, తీరని బాకీ

రమజాన్ మాసానికి ఇంకా ఆరు వారాలుండగానే మా ఇంట్లో సరుకుల పట్టిక తయారవుతుంది. సహరీకి, ఇఫ్తార్‌కు కావలసిన పప్పులు, నూనెలు, ఖర్జూరాలు. వాటికి తోడు సబ్బులు, బట్టల పొడి, ఫినాయిలు. విజయవాడలో మేముండే పేటకు రెండు రాయితీ సూపర్ మార్కెట్లు ఇంచుమించు సమాన దూరంలో ఉన్నాయి. వాటిలో దేనికి వెళ్ళాలన్నది మా దంపతుల మధ్య ఏటా తెగని చర్చ. ఈసారి వాదన మాని, నాలుగు నెలల బిల్లులను ముందు పెట్టుకుని కూర్చున్నాము.

మొదట నూనె దగ్గరే మా అజాగ్రత్త బయటపడింది. పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ఒకచోట 145 రూపాయలు, మరొకచోట 139. ఆరు రూపాయలు మిగిలాయని ఇన్నాళ్ళూ సంతోషించాము. తీరా చూస్తే మొదటిది లీటరు ప్యాకెట్, తూకం 910 గ్రాములు. రెండవది 850 గ్రాములే. 100 గ్రాములకు లెక్కిస్తే మొదటిది 15 రూపాయల 93 పైసలు, రెండవది 16 రూపాయల 35 పైసలు. చౌక అనుకున్నదే ఖరీదైనది! ప్యాకెట్ల మీద గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో ముద్రిస్తున్నారు గాని, అది గరిష్ఠ చిల్లర ధరను బట్టి వేసిన లెక్క. రాయితీ పోగా పడే ధరను మనమే లెక్కించుకోవాలి.

పప్పులు ఒకచోట చవక, సబ్బులు మరొకచోట చవక. మొత్తం మీద రెండు దుకాణాల మధ్య తేడా నెలకు 200 రూపాయలు దాటలేదు. కాని పట్టికలో లేకుండా, 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అన్న అట్ట చూసి తెచ్చుకున్న వస్తువుల ఖర్చు ఏ నెలా 900కు తగ్గలేదు. దుబారాకు, పిసినారితనానికి మధ్య నిలిచే దాసులను దివ్యఖుర్ఆన్ (25:67) ప్రశంసించింది. మేము ఆ రెండూ ఒకే బండిలో తోసుకుంటూ తిరిగామన్న మాట.

బిల్లులు వెతికిన సొరుగులోనే మరో పుస్తకం దొరికింది. మా వీధి చివర కిరాణా కొట్టు చాచా ఇచ్చిన ఖాతా పుస్తకం. సూపర్ మార్కెట్ బిల్లుల తేదీలన్నీ నెల మొదటి వారానివి. చాచా పుస్తకంలోని పద్దులన్నీ 20వ తేదీ తరువాతివి. చేతిలో డబ్బు ఉన్నప్పుడు అక్కడికి, లేనప్పుడు ఇక్కడికి. నగదు వారికి, అరువు ఈయనకు! పాత బాకీ 3,460 రూపాయలు. నాలుగు నెలలుగా ఆయన అడగలేదు, మేము ఇవ్వలేదు. పట్టికలో లేని ఖర్చును నాలుగు నెలలకు కూడితే ఆ బాకీ తీరి, ఇంకా మిగిలేది. చెల్లించే స్తోమత ఉండి కూడా బాకీని వాయిదా వేయడం అన్యాయమని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు బుఖారీ గ్రంథంలో ఉంది. అది మాకు వర్తిస్తుందని ఆ రోజు వరకు తోచలేదు.

ఆ సాయంత్రం అస్ర్ నమాజు తరువాత ఇద్దరమూ వెళ్ళి బాకీ చెల్లించి, ఆలస్యానికి క్షమించమని అడిగాము. చాచా డబ్బు లెక్కపెట్టి, పద్దు కొట్టివేసి, నెమ్మదిగా అన్నారు:

"బేటా, ఎదురుచూడలేదంటే అబద్ధమవుతుంది. హోల్‌సేల్ వ్యాపారి నాకు రెండు వారాలకు మించి గడువివ్వడు. అందుకే కందిపప్పు బస్తా ఎత్తడం మానేశాను. పదేసి కిలోలు తెచ్చుకుంటే నాకే ధర ఎక్కువ పడుతోంది. ఇక మీకు తగ్గించి ఎలా ఇవ్వను?"

మాకు మాట రాలేదు. 2002లో ముంబయిలోని పొవాయ్‌లో తొలి దుకాణం తెరిచిన డీమార్ట్ వంటి సంస్థలు చౌకగా అమ్మగలగడానికి ఒక ముఖ్య కారణం, సరఫరాదారులకు త్వరగా సొమ్ము చెల్లించి తక్కువ ధరకు సరుకు పొందడం. ఆ త్వరిత చెల్లింపునే మేము చాచాకు లేకుండా చేశాము. పైగా ఆయన దగ్గర ధరలెక్కువని నలుగురిలో చెప్పుకున్నాము. ఆ ధరలో మా బాకీకీ కొంత పాలు ఉంది.

రాయితీ దుకాణాలకు వెళ్ళడం మేము మానలేదు. హలాల్ సంపాదనను పొదుపుగా వాడుకోవడంలో తప్పేమీ లేదు. సబ్బులు, బట్టల పొడి, నూనె నెలకొకసారి, పట్టిక చేతబట్టుకుని, తూకం చూసి తెచ్చుకుంటున్నాము. పప్పులు, పిండి, పంచదార మాత్రం చాచా దగ్గరే, నెల మొదట్లోనే, నగదుకే. కిలోకు నాలుగైదు రూపాయలు ఎక్కువైనా, పట్టికలో లేనివి మానుకున్నందువల్ల మొత్తం ఖర్చు తగ్గింది. మొన్న ఆయన కొట్టు ముందు కందిపప్పు బస్తా కనిపించింది. కిలోకు మూడు రూపాయలు తగ్గించి, మేము అడగకుండానే తూచి ఇచ్చారు.

సోదర సోదరీమణులారా! రమజాన్ సరుకుల పట్టిక రాసే ముందు మీ సొరుగు కూడా ఒకసారి తెరిచి చూడండి. ఎవరి పద్దు మిగిలి ఉందో ముందు అది తీర్చండి. అల్లాహ్ మనందరి సంపాదనలోనూ ఖర్చులోనూ శుభం ప్రసాదించుగాక! ఆమీన్.