కూలి నొప్పి కాదు బాబూ

మా అమ్మకి నొప్పుల లెక్క తెలుసు. నౌపడ వైపు ఉప్పు మడుల్లో దిగి, తడి ఉప్పు తట్టలకెత్తి, నెత్తిన మోసుకెళ్ళి గట్టు మీద కుప్ప పోసిన మనిషి. మెడ గుంజితే తట్ట బరువనేది, నడుం పట్టేస్తే వంగుడనేది, అరికాళ్ళు మండితే ఉప్పునీళ్ళనేది. గంజి తాగి పడుకుంటే తెల్లారేసరికి సగం పోయేవి. మిగిలిన సగంతో మళ్ళీ పనికెళ్ళేది.

అందుకే 2014లో కొత్త నొప్పి మొదలైతే తేడా మొదట ఆమెకే తెలిసింది.

"ఇది కూలి నొప్పి కాదు నాయనా. పడుకుంటే ఎక్కువైపోతంది. ఎముక లోపల పురుగు తొలుస్తన్నట్టుంది" అంది.

నేనప్పటికే బి.ఏ. చదివి, మీటింగుల్లో శ్రమ గురించి మాట్లాడేవాణ్ణి. "పని తగ్గించేయమ్మా, అదే పోతుంది" అన్నాను. కూలి మనిషికి వచ్చేవన్నీ కూలి నొప్పులేనని కామందులు అనుకుంటే కోపం వచ్చే నేను, అదే మాట ఇంట్లో అన్నాను.

ఊళ్ళో సూది వేసే డాక్టరుగారు మా భావనపాడు మాలపేటకి వచ్చేవాడు గానీ గుమ్మం దాటేవాడు కాదు. వీధిలో నిలబడే, ఎక్కడ నొప్పో నొక్కి చూడకుండానే, "మీ ఒళ్ళు రాళ్ళే, మీకేటవుద్ది" అని డైక్లోఫెనాక్ సూది పొడిచి, బిళ్ళలిచ్చి పోయేవాడు. ఆ పూటకి హాయి. అలా రెండేళ్ళు.

2016లో కాళ్ళు వాచాయి. టెక్కలిలో రక్తం చూపిస్తే క్రియాటినిన్ ఆరు దాటింది. విశాఖపట్నం తీసుకెళ్ళాను. అక్కడొక కుర్ర డాక్టరు "నొప్పి పదికి ఎంతమ్మా?" అన్నాడు. అమ్మ కూలి రేటు అడుగుతున్నాడనుకుంది. నేను విడమరిచి చెప్పబోతే నన్ను ఆపి, "తట్ట నెత్తికెత్తుకుంటాను బాబూ, పీట మీంచి లెగలేను. కూలి నొప్పి కాదు బాబూ" అంది.

ఆయన కలం పక్కన పెట్టాడు. ఆమె కాళ్ళ ముందు కూర్చుని మోకాలి కింద ఎముక నొక్కి చూశాడు, తొడ కండలు పట్టి చూశాడు. మా అమ్మని అలా తాకి చూసిన మొదటి డాక్టరు ఆయనే.

కిడ్నీ అంటే వడపోత యంత్రమనే మనకి తెలుసు. ఎండకి ఒంట్లో తయారయ్యే విటమిన్ డిని పనికొచ్చే రూపానికి చివరగా మార్చేది కూడా అదేనట. అది చెడితే, ఎండలోనే బతికిన మా అమ్మకి కూడా ఆ విటమిన్ పనిచెయ్యదు. రక్తంలో భాస్వరం పేరుకుంటుంది, కాల్షియం తగ్గుతుంది. అప్పుడు గొంతులో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు రెచ్చిపోయి ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తాయి. రక్తం లెక్క సరిపెట్టడానికి ఎముకని తాకట్టు పెట్టడమన్న మాట. ఎముక సలుపుతుంది, తొడల్లో బలం పోతుంది. అమ్మ చెప్పిందీ అదే, రెండేళ్ళ ముందు.

ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ నొప్పి సూదులు కిడ్నీల్ని ఇంకా చెడగొడతాయట. ఉద్దానం జబ్బుకి ఇదీ కారణమని తేలలేదు గనక సూదుల పాలు ఎంతో ఎవరూ చెప్పలేరు. ఆ మాట నేను అమ్మకి చెప్పలేదు.

భాస్వరం ఎక్కువని ఎండుచేపలు మానమన్నాడు. సముద్రం ఒడ్డున, కూర కొనలేని ఇంట్లో! భాస్వరం తగ్గించే బిళ్ళ మూడు పూటలా అన్నంతో నమలాలి. మూడు పూటలా అన్నం ఉంటుందని రాసినాయన నమ్మకం.

డయాలిసిస్ మొదలయ్యాక కూడా ఎముకల సలుపు తగ్గలేదు. 2019 నుంచి ప్రభుత్వం డయాలిసిస్ రోగులకి నెలకి పదివేలిచ్చింది, ఆ డబ్బు ఆటోలకీ మందులకీ అయ్యేది. 2020లో అమ్మ పోయింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అమ్మ చూడలేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు జనం ఏళ్ళ తరబడి అడిగితే వచ్చినవివి. ఆ సభలకి నేనూ కరపత్రాలు రాశాను. నీళ్ళ గురించి, చావుల గురించి రాశాను. రాత్రుళ్ళు గోడకి వీపు ఆనించి కూర్చున్న మనిషి గురించి ఒక్క వాక్యం రాయలేదు.

ఇప్పుడు పేటలో ఎవరైనా ఒళ్ళు నొప్పులంటే రెండు మాటలు అడుగుతున్నాను. పడుకుంటే తగ్గుతుందా? పీట మీంచి లెగగలవా?

మొన్న పక్కింటి పిన్ని, జీడితోట పని నుంచి వచ్చి, "పడుకుంటేనే ఎక్కువరా" అంది. సూది వద్దన్నాను. పొద్దున్నే టెక్కలి బస్సెక్కించి, నేనూ ఎక్కాను.