చర్మములో కాపలా: లాంగరిన్

నేను వైద్యవిద్య అభ్యసించిన రోజులలో లాంగరిన్ పేరు పాఠ్యపుస్తకములలో లేదు. లాంగర్‌హాన్స్ పేరు మాత్రము ఉండేది. క్లోమములో ఇన్సులిన్ తయారుచేసే ద్వీపికలను 1869లో వర్ణించినది ఆయనే. అంతకు ముందు సంవత్సరము, బెర్లిన్‌లో విద్యార్థిగా ఉండగా, బాహ్యచర్మములో కొమ్మలు చాచిన కణములను కనుగొని, అవి నాడీకణములని భావించాడు. నిజానికి అవి రక్షణ వ్యవస్థకు చెందినవి. జననాంగముల పైపొరలలోనూ ఉంటాయి.

ఈ కణములపై ఉండే మాంసకృత్తి లాంగరిన్. సూక్ష్మజీవుల ఉపరితలముపై గల మానోజు వంటి చక్కెరలకు అది అంటుకొని, వాటిని కణములోనికి చేరుస్తుంది. ఎయిడ్స్ కలిగించే వైరస్ పైపొరపైనా అట్టి చక్కెరలు ఉన్నాయి. లాంగరిన్ ఆ వైరస్‌ను పట్టి విచ్ఛిన్నమయేటట్లు చేస్తుందని 2007లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు చూపారు.

అయితే ఈ కాపలాకు పరిమితి ఉంది. వైరస్ అధికముగా ఉన్నపుడు, జననాంగములపై పుండ్లు ఉన్నపుడు ఈ రక్షణ సడలుతుంది. ప్రభుత్వ వైద్యశాలలో పనిచేసినపుడు, అట్టి పుండ్లను సిగ్గుతో నెలల తరబడి దాచుకొన్నవారిని ఎందరినో చూసాను. పుండు చిన్నదైనా వైరస్‌కు అది తెరచిన వాకిలి. కాబట్టి లాంగరిన్‌పై భారము వేయక తొడుగులు వాడాలి. పుండు కనిపిస్తే వెంటనే వైద్యుని సంప్రదించాలి. జీవిత భాగస్వామికి కూడా పరీక్షలు, అవసరమైతే చికిత్స చేయించాలి.