తెర తొలగిన వేళ

కావ్యాన్ని మన ఆలంకారికులు శ్రవ్యమనీ, దృశ్యమనీ రెండు విధాలుగా విభజించారు. శ్రవ్యకావ్యం చదువరి కోసం ఓపికగా వేచి ఉంటుంది. నేడు చదవలేకపోయిన పద్యాన్ని రేపు చదువుకోవచ్చు. అర్థం కాని సమాసం దగ్గర ఆగి నిఘంటువు తిరగవేయవచ్చు. దృశ్యకావ్యానికి అంతటి ఓపిక లేదు. తెర లేచిన క్షణం మొదలు తెర పడే క్షణం వరకే దాని ఆయుర్దాయం. అందులోనూ ఊరూరా తిరిగే నాటక సమాజాల ప్రదర్శన మరీ క్షణికం. ఈ వారం మన ఊరి మైదానంలో ద్వారకానగరం వెలసి ఉంటుంది. వచ్చే వారం అక్కడ గుంజలు పాతిన గుంటలు మాత్రమే మిగులుతాయి. ఇంతటి అల్పాయుష్షు గల కళ ఒక ప్రేక్షకుని మనస్సులో దశాబ్దాల తరబడి ఎట్లా నిలిచి ఉంటుంది? ఈ ప్రశ్నకు నేను చూసిన నాటకాలలోనే సమాధానం వెదకదలచాను.

ఆధునిక తెలుగు నాటకరంగానికి సంచారం పుట్టుకతో వచ్చిన గుణం. 1880లో ధార్వాడ నాటక సమాజం వారు రాజమహేంద్రవరానికి వచ్చి నాటకాలాడి వెళ్ళారు. వారి ప్రదర్శనలు చూసిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థుల చేత నాటకాలాడించారు. అంటే, బయటి నుంచి వచ్చి వెళ్ళిపోయినవారు నాటిన విత్తనమే ఇక్కడ మొలకెత్తింది. ఆ తొలి నటులలో మీ వంటి విద్యార్థులుండటం మీరు గుర్తుంచుకోదగిన విషయం. మరి ఐదేళ్ళకు, 1885లో, కడప జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారి కుటుంబం ‘కీచకవధ’ను ప్రదర్శించింది. మహారాష్ట్రం నుంచి తరలివచ్చిన ఆ కుటుంబాల వారు తరతరాలుగా తోలుబొమ్మలాడించినవారు. పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’లోనే బొమ్మలాటల ప్రస్తావన ఉన్నది. అంతటి ప్రాచీనమైన కళ నుంచి, తెర వెనుక బొమ్మను ఆడించిన చేతులు తెర ముందుకు వచ్చి తామే పాత్రలయ్యాయి. ఆ ఊరి పేరే వారి ఇంటి పేరు వంటిదై, ‘సురభి’ అన్న మాట తెలుగునాట నాటకానికి పర్యాయపదమైంది.

నా బాల్యంలో సురభి వారు మా ప్రాంతానికి వచ్చారంటే అది ఒక చిన్న తిరునాళ్ళే. ముందుగా లారీలలో పెట్టెలు, చుట్టిన తెరలు, రేకులు, వెదురు గడలు దిగేవి. రెండు మూడు రోజులలో మైదానంలో ఒక పెద్ద పాక లేచేది. మైకు కట్టిన రిక్షా వీధివీధికీ తిరిగి ఆనాటి నాటకం పేరు చాటేది. దాని వెంట రంగు రంగుల కరపత్రాల కోసం మేము పరుగెత్తేవాళ్ళం. పాకలో నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు. పిల్లలకు నేల మీద ముందు వరుసే సింహాసనం. హార్మోనియం శ్రుతి సవరించుకొనే చప్పుడు, తబలా మీద సుత్తి దెబ్బలు, తెర కింది సందులో కనిపించే పారాణి పాదాలు! నాటకానికి ముందే నాటకం మొదలయ్యేది.

నేను మొదట చూసినది ‘మాయాబజార్’. నారదుడు మేఘాల మీదుగా దిగివచ్చాడు. రెప్పపాటులో అడవి అంతఃపురమైంది. అభిమన్యుడు, ఘటోత్కచుడు వేసిన బాణాలు నడుమ ఆకాశంలో ఢీకొని నిప్పులు రాల్చాయి. వివాహ భోజనానికి కూర్చున్న ఘటోత్కచుని నోటికి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వెళ్ళాయి. పక్కన కూర్చున్న మా నాయనమ్మ ఆ లడ్డూలకు నవ్వుతూనే, నారదునికి రెండు చేతులూ జోడించింది. ఒకే వ్యక్తి ఒకే ప్రదర్శనలో నవ్వగలదని, మొక్కగలదని అప్పుడు తెలిసింది.

పెద్దయ్యాక ఆ మాయల వెనుక ఉన్న తీగలు, కప్పీలు, నల్ల దారాలు చూసే అవకాశం లభించింది. తెర వెనుక అరడజను మంది దారాలు పట్టుకొని నిలబడి ఉన్నారు. తబలా దెబ్బకూ, నటుని చేయి కదలికకూ, దారం లాగవలసిన క్షణానికీ నడుమ వెంట్రుకవాసి తేడా రాకూడదు. దారం పట్టినవారు నటుని అన్నదమ్ములు, బావమరదులు, మేనల్లుళ్ళు. తోలుబొమ్మ దారాలు వారి చేతులను ఇంకా విడిచిపెట్టలేదు కాబోలుననిపించింది. రహస్యం తెలిస్తే ఆశ్చర్యం నశిస్తుందని అందరూ అంటారు. నాకు మాత్రం దాని స్థానం మారింది. చిన్ననాడు ఎగిరే లడ్డూను చూసి విస్మయపడ్డాను. తరువాత దానిని ఎగిరించే చేతుల క్రమశిక్షణను చూసి విస్మయపడ్డాను. అద్భుతరసానికి విస్మయం స్థాయిభావమని శాస్త్రం చెబుతుంది. ఆ స్థాయి నాలో చెదరలేదు.

తెర వెనుక లోకం మరొక కావ్యం. పగటిపూట పాక పక్కన శ్రీకృష్ణుడు బిందెతో నీళ్ళు మోసుకొని వెళుతుంటాడు. సుభద్ర పొయ్యి మీద ఎసరు పెడుతుంది. సాయంత్రం ప్రహ్లాదుడయ్యే పిల్లవాడు చెట్టు నీడన ఎక్కాలు వల్లె వేస్తుంటాడు. ఒకసారి పక్క తెర చాటున ఒక తల్లి బిడ్డకు పాలిచ్చి, నిద్రపుచ్చి, ముసలి అత్తగారి ఒడిలో ఉంచి, కిరీటం సర్దుకొని రంగస్థలం మీదికి నడవటం చూశాను. మరుక్షణం ఆమె పదహారేళ్ళ శశిరేఖ! స్త్రీ పాత్రలను పురుషులే ధరించటం పరిపాటిగా ఉన్న రోజులలోనే సురభి కుటుంబాల స్త్రీలు రంగస్థలమెక్కారు. తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ కుటుంబాల బిడ్డయే. స్త్రీ రంగస్థలమెక్కటమే అపరాధంగా చూసిన సమాజంలో, ఇల్లూ రంగస్థలమూ ఒకటిగా బ్రతికిన ఆ తల్లులు ఎవరి అనుమతికోసమూ ఎదురుచూడలేదు.

సురభి వారి నాటకం కంటికి విందయితే, ఊరూరా తిరిగిన పద్యనాటక బృందాలది చెవికి విందు. ‘సత్య హరిశ్చంద్ర’ ఆడుతున్నారంటే చుట్టుపక్కల పల్లెల నుంచి జనం బండ్లు కట్టుకొని వచ్చేవారు. అర్ధరాత్రి దాటిన తరువాత కాటిసీను. లోహితాస్యుని శవం, చంద్రమతి విలాపం, కాటికాపరి వేషంలో హరిశ్చంద్రుడు. ఆ సీనులో నటులు పాడే పద్యాలలో కొన్ని నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం గారివి కావు. గుఱ్ఱం జాషువా గారి ‘శ్మశానవాటి’లోనివి. నటులు వాటిని తెచ్చి నాటకంలో చేర్చారు, ప్రజలు ఆమోదించారు. క్రమంగా అవి ఆ సీనులో విడదీయరాని భాగమైపోయాయి. నాటకకర్త వ్రాసి ముగించిన గ్రంథాన్ని నటులూ ప్రేక్షకులూ కలిసి ఈ విధంగా పెంచారు.

మా ఊరి చెరువుగట్టున గేదెలు కాచే ఒక వృద్ధుడు ఆ పద్యాలను రాగయుక్తంగా పాడుతుండేవాడు. ఆయనకు అక్షరం రాదు. జాషువా పద్యాన్ని నేను మొదట విన్నది తరగతి గదిలో కాదు, ఆయన నోట. అస్పృశ్యత చేసిన గాయాలను జీవితమంతా మోసిన కవి జాషువా. ఆయనను తమ పంక్తిలో కూర్చోనివ్వని ఊళ్ళు కూడా ఆయన పద్యాలను తెల్లవారుజామున కన్నీళ్ళతో విన్నాయి. మనిషికి అడ్డుపడిన గోడలను పద్యం నాటకంవారి బండి మీద కూర్చొని దాటింది. ఆ పద్యం విని ఏడ్చినవారు మరునాడు గోడలను పడగొట్టారా అని అడిగితే, లేదనే చెప్పాలి. అయినా ఆ రాత్రి ఏడ్చారన్నది అబద్ధం కాదు. కళకు ఉన్న శక్తి, ఆ శక్తికి ఉన్న హద్దు రెండూ ఆ కాటిసీనులోనే నాకు గోచరించాయి.

ఆ సీను నడుమనే జనంలోనుంచి ‘వన్స్ మోర్’ అన్న కేక లేచేది. కుమారుని శవం ముందు కుమిలిపోతున్న తండ్రి లేచి, శ్రుతి చూసుకొని, అదే పద్యాన్ని మరింత దీర్ఘమైన రాగాలాపనతో పాడేవాడు. పండితులు దీనిని రసభంగమని నిరసించారు. ప్రాచీన సాహిత్యాన్ని అధ్యయనం చేసిన నేను ఆ వాదాన్ని తేలికగా తోసివేయలేను. అయితే భరతముని ఈ విషయంలో పండితుల కంటె ఉదారుడు. ‘నాట్యశాస్త్రం’ 27వ అధ్యాయంలో ఆయన ప్రదర్శన సాఫల్యాన్ని రెండు విధాలుగా చెప్పాడు. చిరునవ్వు, అట్టహాసం, ప్రశంసావాక్యం, కన్నీరు, పులకింత మొదలైన వాటి ద్వారా వ్యక్తమయ్యేది మానుషీ సిద్ధి. చప్పుడు లేక, క్షోభ లేక, ఏ ఉత్పాతమూ లేక, ప్రేక్షకాగారం నిండి ఉండటం దైవికీ సిద్ధి. మొదటిది కేకలలో తెలుస్తుంది, రెండవది నిశ్శబ్దంలో. ఒకే కాటిసీనులో నేను రెండింటినీ చూశాను. ‘వన్స్ మోర్’ అని అరిచిన జనమే, చంద్రమతి మెడ మీదికి కత్తి లేచిన వేళ, ఊపిరి బిగబట్టారు. వేలమంది ఉన్న ఆ మైదానంలో దూరాన ఒక ఎద్దు మెడ గంట మాత్రమే వినిపించింది.

ప్రేక్షకుని లక్షణాలను కూడా భరతుడు అక్కడే చెప్పాడు. పాత్ర సంతోషిస్తే సంతోషించేవాడు, శోకిస్తే శోకించేవాడు, దైన్యంలో దీనుడయ్యేవాడు ప్రేక్షకుడట. నటునికి ఉన్నట్లే ప్రేక్షకునికీ ఒక ధర్మం ఉన్నదని దీని భావం. ఆ ధర్మాన్ని నాకు బోధించినది శాస్త్రగ్రంథం కాదు, ఒక వానరాత్రి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక చిన్న పట్టణంలో, సురభి వారి నాటకానికి వెళ్ళాను. సాయంత్రం నుంచే కుండపోతగా వర్షం. వందలమంది పట్టే పాకలో ముప్పైమందికి మించి లేరు. ప్రదర్శన రద్దవుతుందనే అనుకొన్నాను. చెప్పిన వేళకు తెర లేచింది. ఒక్క పద్యం తగ్గలేదు, ఒక్క తెర తగ్గలేదు. ద్వారకలో దీపాలన్నీ వెలిగాయి. రేకుల మీద వాన చప్పుడును మించి నటులు గొంతెత్తి పాడారు. నాటకం ముగిశాక లోపలికి వెళ్ళి, రంగు తుడుచుకొంటున్న ఒక వృద్ధ నటునితో, “ఇంత తక్కువ మంది కోసం ఇంత శ్రమ ఎందుకండీ? మరొక రోజు ఆడవచ్చును కదా!” అన్నాను. ఆయన నవ్వి, “రానివారిని తలచుకొని వచ్చినవారిని పంపివేయమంటారా, మాస్టారూ?” అన్నారు. నా అధ్యాపక జీవితంలో, హాజరు తక్కువగా ఉన్న ప్రతి తరగతిలోనూ ఆ మాట నన్ను నిలబెట్టి పాఠం చెప్పించింది.

కాలం మారింది. సినిమా వచ్చింది, ఇంటింటా టెలివిజన్ వచ్చింది, అరచేతిలోకే ప్రదర్శన వచ్చింది. ఒకనాడు పదుల సంఖ్యలో ఉన్న సురభి సమాజాలు వ్రేళ్ళ మీద లెక్కించదగినన్నిగా తగ్గిపోయాయి. హైదరాబాదు శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో అనేక కుటుంబాలు స్థిరపడ్డాయి. అయినా ఆ కళ మారుతున్న కాలానికి ముఖం చాటుచేసుకోలేదు. ప్రసిద్ధ కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ ఆ నటులతో పనిచేసి ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ నాటకాలను రూపొందించారు. సురభి బాబ్జీగా పేరు పొందిన రేకందార్ నాగేశ్వరరావుగారిని భారత ప్రభుత్వం 2013లో పద్మశ్రీతో సత్కరించింది. ఆయన 2022లో కన్నుమూశారు.

ఈ కళ ఎన్నటికీ నిలిచి ఉండాలని కోరుకోవటం సులభం. కానీ ఆ కోరిక నిలవటానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? శిబిరం నుంచి శిబిరానికి తిరిగే కుటుంబంలో పుట్టిన పిల్లవాడు ఇంజనీరు కావాలనుకొంటే, నీ బాల్యస్మృతులు మాకు ముఖ్యమని అతనిని మనం రంగస్థలానికి కట్టివేయలేము. ఎవరి పేదరికం మీదా మన ఆనందాన్ని నిలబెట్టే హక్కు మనకు లేదు. కళ నిలవాలంటే, దానిని ఎన్నుకొన్నవాడు గౌరవంగా బ్రతకగలగాలి. దానికి బిరుదులు, శాలువలు చాలవు. టికెట్టు కొని వచ్చి కూర్చొనే ప్రేక్షకుడు కావాలి.

ఇక నేను మొదట వేసుకొన్న ప్రశ్న. నాటకం క్షణికమైనా మనస్సులో ఎందుకు నిలుస్తుందంటే, దాని నిర్మాణంలో ప్రేక్షకుడూ పాలుపంచుకొంటాడు గనుక. సినిమా తెర మీది నటునికి మన కన్నీరు తెలియదు. నాటకంలో మన నిట్టూర్పు నటుని చేరుతుంది. మన నిశ్శబ్దం అతని గొంతును మారుస్తుంది. మనం కొంత ఇచ్చిన చోటనే మనకు జ్ఞాపకం మిగులుతుంది. ప్రేక్షకాగారం నిండటం దైవికీ సిద్ధి అని భరతముని అన్నాడు గాని, దానిని నింపవలసినవారు మనుషులే. మీ ఊరికి ఎప్పుడైనా ఒక నాటక బృందం వస్తే, ముందు వరుసలో కాకపోయినా, ఒక బెంచీ మీద మీ చోటు మీరు తీసుకోండి. చేతిలోని ఫోను కట్టివేయండి. తెర మెల్లగా తొలగుతుంది. ఆ తరువాత జరిగే దానిలో మీ వంతు మీదే.