అరచేతిలో కబురు

పుట్టు చెవుడు ఉన్న పిల్లవాణ్ణి రేచీకటి అని తీసుకొస్తే, నడక ఎప్పుడొచ్చిందని తల్లిని అడుగుతాను. "రెండేళ్లు దాటాకేనండీ" అంటే సగం సంగతి తెలిసిపోతుంది. తూగు చూసుకునే భాగం కూడా లోపలి చెవిలోనే ఉంటుంది మరి. రెటీనా అంచుల్లో నల్లటి మచ్చలు కూడా కనిపిస్తే అషర్ సిండ్రోమ్‌ని అనుమానించాలి. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువు అందితేనే ఈ జబ్బు వస్తుంది. మేనరికాలు మానని మన వైపు కంటి డాక్టర్లు దీన్ని మరవకూడదు.

చూపు అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతుంది. అలాంటివాళ్లతో కాస్త దూరంగా నిలబడి, ఛాతీ ముందే చిన్నగా సైగలు చేయాలి. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ మొహం మీదికి వచ్చి చేతులు ఊపుతారు, అదేమో రోగికి కనిపించదు.

నా దగ్గరికొచ్చే ఒక దర్జీకి నలభై దాటాయి. చదువుకున్నాడు, మాట ఉంది. ఇప్పుడు చూపు లేదు, చెవి మిషను పెట్టినా వినపడదు. భార్య అతని అరచేతిలో వేలితో అక్షరాలు రాస్తుంది. ఒత్తులు రాస్తే తికమక పడుతున్నాడని వాటిని మానేసింది. పదం ముగిసిందని చెప్పడానికి అరచేతిని ఒకసారి తుడుస్తుంది. ఇది వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

ఒకసారి వేరే ఆసుపత్రిలో ఎవరో చెప్పకుండా జబ్బ పట్టుకుని బీపీ పట్టీ చుట్టేశారట. ఉలిక్కిపడి చేయి విదిలిస్తే, పేషెంటు గొడవ చేస్తున్నాడని కాగితం మీద రాశారు! మా దగ్గర ముందు అతని చేతి వెనక మన చేయి ఆనించి ఆగుతాం. నర్సమ్మ గాజు, నా వాచీ పట్టీ తడిమి మనిషిని పోల్చుకుంటాడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చూపూ వినికిడీ రెండూ లేని స్థితిని బహుళ వైకల్యాల్లో పేరు పెట్టి చేర్చింది, ఉద్యోగ రిజర్వేషన్లలోనూ చోటిచ్చింది. ఇతని సర్టిఫికెట్లో మాత్రం చెవుడు ఒక్కటే ఉంది. కన్నుకో గది, చెవికో గది, ఏ గదిలో శాతం ఆ గదిదే. చూపు లేనివాణ్ణి చెవి ఆదుకుంటుంది, వినపడనివాణ్ణి కన్ను ఆదుకుంటుంది. రెండూ లేనివాడి నష్టం కూడికల లెక్కకు అందదు. అదే వివరంగా రాసి మళ్లీ పరీక్షకు పంపాను. అహ్మదాబాద్ కేంద్రంగా 1997 నుంచి ఇలాంటివారి కోసమే పనిచేస్తున్న సెన్స్ ఇండియా గురించి కూడా చెప్పాను.

అతని ఫిర్యాదు వీటిలో దేని గురించీ కాదు. "తిను, లే, మాత్ర వేసుకో... అందరూ ఇవే రాస్తారు సార్. సర్పంచిగా ఎవరు గెలిచారో ఎవరూ రాయరు" అన్నాడు.

అప్పట్నుంచి అతనొచ్చిన రోజు ఓపీ ఆలస్యమవుతోంది, బయట కూర్చున్నవాళ్లు సణుగుతున్నారు. ఎన్నికలు, వానలు, పక్కవీధి పెళ్లి, తోచిందల్లా రాస్తున్నాను. డాక్టరు రాత అరచేతిలోనూ అర్థం కాదని విసుక్కుంటాడు. మళ్లీ రాయమని చేయి చాపుతాడు.