మరలివచ్చు రేవు

న్యూజీలండు ఉత్తరద్వీపమున, పడమటి తీరమందు, హోకియాంగా అను రేవు కలదు. దాని పూర్తి పేరు తె హోకియాంగా నూయి ఆ కూపె. కూపె మరలిపోయిన మహాస్థానమని అర్థము. మావోరీల ఐతిహ్యమును బట్టి కూపె అను నావికుడు హవాయికి అను పూర్వభూమినుండి సముద్రము దాటి వచ్చి, ఈ దేశమును చూచి, ఈ రేవునుండియే ఇంటికి మరలెను. ఆతని రాకను బట్టి కాక మరలుటను బట్టి ఈ చోటికి పేరు నిలిచినది. ఆక్లండులో కాపురమున్న నా చెల్లెలు ఈ సంగతి చెప్పినప్పటినుండి ఆ రేవును చూడవలెనని నాకు కోరిక యుండెను. గడచిన వేసవి సెలవులలో అది తీరినది. మన వేసవి వారికి చలికాలపు ప్రారంభము.

ఆక్లండునుండి ఉదయమున కారులో బయలుదేరి మధ్యాహ్నమునకు వైపోవా అరణ్యము చేరితిమి. అచట కౌరీ వృక్షములలో పెద్దదగు తానే మహూత యున్నది. దాని ఎత్తు 51 మీటర్లు. మ్రాను చుట్టుకొలత 14 మీటర్లకు కొంచెము తక్కువ. తానే యనగా వనాధిదేవుడు. ఆకాశపితయు భూమాతయు గాఢాలింగనమున నుండగా వారి బిడ్డలు నడుమ చీకటిలో నలిగిరనియు, తానే తన కాళ్లతో ఆకాశమును పైకి నెట్టి లోకమునకు వెలుగు తెచ్చెననియు మావోరీలు చెప్పుదురు. ద్యావాపృథివులను జననీజనకులుగా స్తుతించిన వేదర్షులకు ఈ కథ క్రొత్తగా తోచియుండదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఓడస్తంభములకును ఇండ్లకును ఈ జాతి చెట్లు లెక్కకు మిక్కిలిగా కూలినవి. 1952లో ఈ వనము రక్షితమైనది. ఇప్పుడు వేళ్లకు పట్టు తెగులొకటి మిగిలినవానిని చంపుచున్నది. అది బురదతో వ్యాపించును గనుక వనద్వారమున ప్రతివారును పాదరక్షలను శుభ్రపరచుకొని లోనికి పోవలెను. గుడి ముందు కాళ్లు కడుగుకొనుట నాకు తెలియును. అడవి ముందు కడుగుకొనుట అచటనే నేర్చితిని.

కొండ దిగుచుండగా ఓమాపెరె గ్రామమునొద్ద రేవు ఒక్కసారిగా కానవచ్చెను. ఆవలి ఒడ్డున బంగారు వన్నె ఇసుకతిన్నెలు కొండలవలె నిలిచియున్నవి. ఈవల పచ్చని భూశిరము. ఈ రెండు శిరములను అరాయి తె ఊరు, నీవా అను రెండు తనీఫాలు కావలి కాయుచున్నవని స్థానికుల నమ్మకము. తనీఫా యనగా జలమందుండు మహాసత్త్వము. పడమటి సముద్రపు కెరటములు వాని కాళ్లయొద్ద విరుగుచుండెను.

దారి పొడవునను ఊళ్ల పేర్లు చదువుకొనుచు పోతిని: ఒపొనొని, రావెనె, కొహుకొహు. మావోరీ మాట ప్రతిదియు అచ్చుతో ముగియును; తెలుగువలెనే అదియు అజంతభాష. మన వర్ణమాలలో కవర్గపు కొసను పనిలేక కూర్చున్న ఙకారమునకు అక్కడ పని దొరకినది. ఆ ప్రాంతపు పెద్ద తెగ పేరే ఙాపుహి. అక్షరములు నేర్పునప్పుడెల్ల, ఈ అక్షరముతో మొదలగు మాటను చెప్పుమని పిల్లలు నన్ను అడుగుచుందురు. ఇక చెప్పగలను.

రేవు ఎగువ ఒడ్డున, హోరెకె దాపున, మంగూంగు అను చోట వెస్లియను మిషనరీలు కట్టించిన చెక్కయిల్లు కలదు. 1855లో దానిని ఆక్లండు ప్రాంతమునకు తరలించుకొనిపోయి, 1972లో మరల ఇచటికి తెచ్చి నిలిపిరి. 1840 ఫిబ్రవరి 12వ తేదీన ఇక్కడ వైతంగి సంధిపత్రముపై డెబ్బదిమంది వరకు నాయకులు చేవ్రాలు చేసిరి. వారు చేవ్రాలు చేసిన బల్ల ఇంటిలోనే యున్నది.

ఆ సంధిపత్రము రెండు భాషలలో కలదు. ఇంగ్లీషు ప్రతిలో నాయకులు సర్వాధికారమును రాణికి ఒప్పగించుచున్నారు. మావోరీ ప్రతిలో ఒప్పగించినది కావనతంగ మాత్రమే. ఇంగ్లీషు మాటకు ఉకారము చేర్చి మనము గవర్నరు అన్నట్లే, వారు దానిని కావన అనిరి. కావనతంగ యనగా గవర్నరుగిరి. తమ భూములపైనను గ్రామములపైనను పూర్ణాధిపత్యము తమకే యుండునని రెండవ నిబంధన చెప్పుచున్నది. దానికి వాడిన మాట రంగతిరతంగ. హెన్రీ విలియమ్సు అను మిషనరీయు అతని కుమారుడును ఈ అనువాదమును ఒక్క రాత్రిలో ముగించిరి. మంగూంగులో నాయకులు చేవ్రాలు చేసినది మావోరీ ప్రతిపైననే. వారు సర్వాధికారమును వదలుకొనలేదని 2014లో వైతంగి ట్రిబ్యునలు తేల్చినది. ఇరువదియేండ్లకు పైగా పిల్లలచే అనువాదములు చేయించి, తప్పు మాటకు అరమార్కు తగ్గించుచు వచ్చినవాడను. ఒక మాట వెల యెంత కావచ్చునో ఆ బల్లయొద్ద తెలిసికొంటిని.

మరునాడు రావెనెలో పడవ యెక్కితిమి. గోదావరి మీది పంటువలె అది కార్లను మనుష్యులను కూడ పావుగంటలో ఆవలి ఒడ్డునకు చేర్చును. అందొక మావోరీ వృద్ధురాలు నాతో మాట కలిపినది. తన తల్లి బడిలో మావోరీ పలికినందుకు బెత్తపు దెబ్బలు తిన్నదనియు, ఆ భయముచే బిడ్డలతో ఆ భాష మాటాడలేదనియు, తాను అరువది దాటిన పిమ్మట మనుమరాలి యొద్ద నేర్చుకొనుచున్నాననియు చెప్పినది. 1867 నాటి చట్టము మావోరీ బిడ్డల బడులలో ఇంగ్లీషును బోధనాభాషగా చేసినది. బిడ్డలు ఇంగ్లీషు నేర్చిన బాగుపడుదురని కోరిన మావోరీ పెద్దలును ఉండిరి. వారు కోరినది ఇంగ్లీషును గాని బెత్తమును కాదు.

నేను ఉపాధ్యాయుడనని తెలిసి ఆమె, “మీ దేశములో సొంతభాష మాటాడిన పిల్లలను కొట్టుదురా?” అని అడిగినది. “మా బడిలో కొట్టలేదు” అంటిని. అది అక్షరాల నిజము.

నేను మొట్టమొదట పనిచేసిన ప్రైవేటు పాఠశాలలో తెలుగుమాటకు ఒక రూపాయి జరిమానా. ఆ లెక్కపుస్తకమును నాకు అప్పగించిరి. ఉద్యోగము క్రొత్త, జీతము అవసరము. నేను కాదనలేదు. లెక్క చక్కగా వ్రాయుచున్నానని మెప్పు కూడ పొందితిని. ఆరవ తరగతిలో ఆటో నడుపువాని కొడుకొకడు మొదటి నెలలో పదునేడు రూపాయలు చెల్లించెను. రెండవ నెలలో ఒక్కటియు లేదు. వానికి ఇంగ్లీషు పట్టుబడినదని సంతోషించితిని. నిజమునకు వాడు మాటాడుటయే మానివేసెను. సంవత్సరాంతమున వాని తల్లి వచ్చి, “అయ్యగారూ, మావాడు ఇంట్లో గూడా మాట్లాట్టం లేదండీ” అన్నప్పుడు గాని ఆ సంగతి నాకు తెలియలేదు. ఇదేదియు పడవలోని ఆమెకు చెప్పలేకపోతిని. ఒడ్డు వచ్చినది.

ఆ ఒడ్డుననున్న పంగూరు గ్రామమున ఫీనా కూపరు విగ్రహము కలదు. 1895లో ఈ రేవు ప్రాంతముననే పుట్టిన ఆ తల్లి, 1975లో ఎనుబదియేండ్లకు చేరువై యుండి, మావోరీల భూమి ఇక ఒక్క ఎకరమైనను పోరాదని, దేశపు ఉత్తరపు కొసనుండి రాజధానియగు వెల్లింగ్టనునకు వేయి కిలోమీటర్ల పాదయాత్ర నడిపినది. భాష కొరకును అట్టి యుద్యమమే సాగినది. బడులలో మావోరీ నేర్పవలెనని 1972లో ముప్పదివేలకు మించిన చేవ్రాళ్లతో పార్లమెంటునకు మహజరు చేరెను. 1982లో కొహంగ రెయో అను శిశువిద్యాలయములు మొదలైనవి. ఆ పేరునకు భాషాగూడు అని అర్థము. పెద్దలు అందు పసిబిడ్డలతో మావోరీలోనే మాటాడుదురు. 1987లో అది అధికారభాషయైనది. ఇందుకై వారు ఇంగ్లీషును విడువలేదు. పడవలోని ఆమె నాతో మాటాడినది ఇంగ్లీషే.

ఇల్లు చేరిన వారమునకు, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగియైన ఆ బాలుని ఫోనులో పలుకరించితిని. జరిమానా సంగతి తెలుగున ఎత్తి, తప్పు నాదని చెప్పితిని. అతడు కొంతసేపు ఊరకుండి, అవి చిన్ననాటి సంగతులనియు, నేను బాధపడవలదనియు మిక్కిలి మర్యాదగా చెప్పెను. ఇంగ్లీషులో చెప్పెను.

ఉపాధ్యాయులారా, ఇంగ్లీషు నేర్పుడు; చక్కగా నేర్పుడు. అట్టి లెక్కపుస్తకము మీలో ఎవరి చేతనైన నున్నచో, దానిని మూయుటకు చట్టము రావలసిన పనిలేదు.