కొట్టేసిన పేరా

మొన్న మగ్రిబ్ నమాజ్ చదివి ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి తఖ్త్ మీద నోటుబుక్కు పరుచుకుని కూర్చుంది. తొమ్మిదో తరగతి. సోమవారం తెలుగు పరీక్ష. ఒక ప్రశ్న మాత్రం టీచరమ్మ ముందే చెప్పేసిందట, ఇంట్లో ఆలోచించుకుని రమ్మని. "తెలుగు శతక పద్యాన్ని మీకు తెలిసిన మరో భాష కవిత్వంతో పోల్చి రాయండి." పది మార్కులు.

"అబ్బా, ఇంగ్లీషు పోయెమ్ ఒకటి పెట్టేస్తా. క్లాసులో అందరూ అదే రాస్తున్నరు" అంది.

"మనింట్లో గజల్ ఉంది కదా బేటా. దాదీని అడుగు, రాత్రంతా షేర్లు చెబుతుంది."

పెన్ను మూత తీస్తూ పెడుతూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "ఉర్దూ గురించి రాస్తే టీచర్ ఏమనుకుంటదో అబ్బా."

ఆ మాట సీదా గుండెల్లో దిగింది. ఎందుకంటే ముప్పై ఏళ్ల కింద ఆ మాటే నాకు నేను చెప్పుకున్నాను.

నేను పాలమూరులో ఉర్దూ మీడియం బడిలో చదివాను. తెలుగు మాకు రెండో భాష. హిసాబ్, సైన్స్, తారీఖ్ అన్నీ ఉర్దూలో చదివి, తెలుగు గంట కొట్టగానే మరో ఇంట్లోకి అడుగు పెట్టినట్టు ఒద్దికగా కూర్చునేవాళ్లం. పదో తరగతి ప్రీ ఫైనల్‌లో దాదాపు ఇలాంటి ప్రశ్నే వచ్చింది, శతక పద్యాల గొప్పతనం గురించి. నాకేం తోచిందో గానీ, సుమతీ శతకం గురించి నాలుగు వాక్యాలు రాసి, ఆ పక్కనే గజల్ గురించి ఒక పేరా రాశాను. మా అమ్మీ రోటీలు చేస్తూ చదివే షేర్లు యాదికొచ్చాయి. మంచి పేరానే అనుకుంటా.

అప్పుడు గుర్తొచ్చింది, ఈసారి పేపర్లు వేరే బడి సార్లు దిద్దుతారని. పేపరు మీద పేరుండదు, నంబరే ఉంటుంది. నంబరు చాటున నేనెవరో తెలియదు. ఈ పేరా చదివితే తెలిసిపోతుంది. తెలిస్తే ఏమవుతుంది? ఏమో. ఏమీ కాకపోవచ్చు. అయినా స్కేలు పెట్టి అడ్డంగా రెండు గీతలు కొట్టేశాను. దాని కింద గైడులో ఉన్న జవాబు అక్షరం పొల్లుపోకుండా దింపేశాను. మార్కులు బాగానే వచ్చాయి. ఆ తర్వాత తెలుగులోనే డిగ్రీ చదివాను, తెలుగు రాసుకునే బతుకుతున్నాను, అల్‌హందులిల్లాహ్. కానీ ఆ కొట్టేసిన పేరాలో ఏం రాశానో ఇప్పుడు ఎంత ఆలోచించినా ఒక్క వాక్యమూ గుర్తు రాదు. గైడు జవాబు మాత్రం ఇప్పటికీ నోటికి వస్తుంది. షర్మ్ అంటే అదేనేమో.

ఈ ఖిస్సా బిడ్డకు చెప్పాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అది నా వైపు చూసి, "సరే, దాదీని పిలువు" అంది.

మొదటి ముసాయిదా మేం అనుకున్నట్టే తయారైంది. ఒక పేజీ శతకం గురించి, ఒక పేజీ గజల్ గురించి, చివర "రెండూ గొప్పవే" అని ఒక వాక్యం. పరీక్షల్లో అందరం చేసే పనే ఇది. ఇద్దరు మేమాన్లను చెరో గదిలో కూర్చోబెట్టి, ఇద్దరూ మంచోళ్లే అని చెప్పి తలుపు వేసినట్టు. వాళ్లిద్దరినీ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టి మాట్లాడనివ్వాలి, అదీ పోల్చడమంటే. అందుకని చెప్పాను: "ఒక్కో సవాల్ తీసుకో. అదే సవాల్ ఇద్దరినీ అడుగు. జవాబులు పక్కపక్కన రాయి."

మొదటి సవాల్: ప్రాస ఎక్కడుంది?

అది వెంటనే వేమన పద్యం తీసింది. నేను ఆపాను. వేమన రాసినవి ఎక్కువగా ఆటవెలదులు, ఆటవెలదికి ప్రాస నియమం లేదు. సుమతీ శతకం కందం. కందానికి ప్రాస తప్పదు, ప్రతి పాదంలో రెండో అక్షరం కలవాలి. నాలుగు పాదాలూ రాసుకుని రెండో అక్షరాల కింద ఎర్ర పెన్నుతో గీతలు పెట్టింది. తర్వాత దాదీ చెప్పిన షేర్లు తెలుగు అక్షరాల్లో రాసుకుంది, ఉర్దూ లిపి దానికి రాదు మరి. అందులో ఖాఫియా, రదీఫ్ ఎక్కడున్నాయో దాదీ వేలుపెట్టి చూపించలేదు, ఆమెకు తెలుగు అక్షరాలు రావు. చదివి వినిపిస్తుంటే తల ఊపి, "హౌ, వహీచ్" అంది.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. తెలుగు పద్యానికి ఎర్రగీతలన్నీ ఎడమవైపు, పాదం మొదట్లో. గజల్‌కేమో అన్నీ మిస్రా చివర్లో.

"అబ్బా! తెలుగు పద్యానికి ముడి తల దగ్గర, షేర్‌కు ముడి తోక దగ్గర!"

తెలుగులో డిగ్రీ చదివినవాణ్ని, ఉర్దూలో పదేళ్లు చదివినవాణ్ని, ఈ ముక్క నాకు ఇలా కళ్లకు కట్టినట్టు ఎన్నడూ తోచలేదు.

రెండో సవాల్: ఒక్క పద్యం ఒంటరిగా నిలబడుతుందా? ఇక్కడ ఇద్దరూ చుట్టాలే. శతకంలో నూటికి పైగా పద్యాలున్నా ఏది తీసుకున్నా దాని అర్థం దానికే ఉంటుంది. ముక్తకం అంటారు. గజల్‌లోనూ అంతే, ఒక షేర్‌కు పక్క షేర్‌తో పని లేదు. ఒకటి విరహం గురించి, పక్కది ఖుదా గురించి ఉండొచ్చు. అందుకే పంచాయితీలో పెద్దమనిషి ఒక వేమన పద్యం చదివి తగువు తేల్చగలడు, మా చాచా ఒక్క షేర్ విసిరి పెళ్లి మజ్లిస్ నవ్వించగలడు. వెనకాముందూ చెప్పాల్సిన పని లేదు.

మూడో సవాల్ దగ్గర తండ్రీబిడ్డలకు పేచీ వచ్చింది. శతకానికి మకుటం ఉంటుంది కదా, గజల్‌లో దానికి జోడీ ఏది? నేను తఖల్లుస్ అన్నాను. గజల్ చివరి షేర్‌లో, అంటే మఖ్తాలో, షాయర్ తన పేరు పెట్టుకుంటాడు. వేమన కూడా ప్రతి పద్యం చివర వేమా అని పిలుస్తాడు. సరిపోయింది కదా అన్నాను.

మంచం మీద తస్బీహ్ తిప్పుకుంటున్న అమ్మీ అక్కడి నుంచే, "నక్కో" అంది. "తఖల్లుస్ ఒక్కసారే వస్తది. మీది మాటిమాటికీ వస్తుందంటిరి. అది రదీఫ్."

నిజమే. మత్లాలో రెండు మిస్రాల్లోనూ, తర్వాత ప్రతి షేర్ రెండో మిస్రాలోనూ అదే మాట తిరిగి వస్తుంది. అది రదీఫ్. ప్రతి పద్యం చివరా అదే మాట వస్తుంది. అది మకుటం. అయినా నా మాటా పూర్తిగా గలత్ కాదు. సుమతీ శతకంలో పిలుపు మంచి బుద్ధి ఉన్న వినేవాడికి. మఖ్తాలో షాయర్ తనను తానే పిలుచుకుంటాడు. వేమన ఇద్దరి మధ్యా నిలబడ్డాడు, మకుటమూ ఉంది, అందులో తన పేరూ ఉంది. ఆ మాట కూడా రాయమన్నాను.

అమ్మీ అప్పుడు తస్బీహ్ పక్కన పెట్టింది. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో వాళ్ల అబ్బా తీసుకెళ్లిన ముషాయిరాల ముచ్చట మొదలుపెట్టింది. పర్దా వెనక కూర్చునేవారట. షాయర్ మిస్రా సగంలో ఉండగానే, ఖాఫియా పసిగట్టి, జనమంతా రదీఫ్ ముందే అందుకునేవారట. షాయర్ నవ్వి ఆగిపోయేవాడట. వాహ్ వాహ్‌లతో షామియానా ఊగిపోయేదట.

"మా క్లాసులో కూడా అంతే దాదీ" అంది బిడ్డ. "టీచర్ పద్యం చదువుతుంటే చివర్లో మకుటం అందరం కలిసి గట్టిగా అరుస్తాం."

ఆ రాత్రి అది నోటుబుక్కులో రాసుకున్న ఆఖరి వాక్యం ఇది: వినేవాళ్లకు కూడా ఒక మాట మిగిల్చిపెట్టడంలో పద్యమూ గజలూ ఒకటే.

నిద్ర పట్టక నేను ఒక్కణ్నే తారీఖులు కలుపుకున్నాను. బ్రౌన్ దొర మద్రాసులో వేమన పద్యాలు అచ్చు వేయించింది 1829లో. అదే ఏడాది గాలిబ్ పెన్షన్ కేసు పట్టుకుని కలకత్తాలో తిరుగుతున్నాడు. ఒకరి గురించి ఒకరికి ఖబర్ లేదు. తర్వాత మన దాశరథి గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చాడు. పిఠాపురంలో ఉమర్ అలీషా తెలుగు పద్యాలు రాశాడు. గోల్కొండ ఇబ్రహీం ఖుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఆయన కాలంలోనే అచ్చ తెలుగులో యయాతి చరిత్ర రాసిన తెలగన్న దాన్ని అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. ఇంత పెద్ద ఖాందాన్ వెనక ఉండగా పదిహేనేళ్ల పోరగాడు స్కేలు పెట్టి ఎందుకు కొట్టేసుకున్నాడో!

సోమవారం పరీక్ష అయింది. "రాశావా?" అంటే, "రాశా. దాదీ పేరు కూడా రాశా" అంది. గాబరా పడ్డాను, నిజం దాచను. వారం తర్వాత పేపరు వచ్చింది. పదికి ఏడున్నర. రెండుచోట్ల ఒత్తులు తప్పు, ఒకచోట వాక్యం తెగలేదు. ఇంగ్లీషు పోయెమ్ రాసిన స్నేహితురాలికి ఎనిమిది వచ్చాయట, దానికి కొంచెం గుస్సాగా ఉంది. రదీఫ్ అన్న మాట కింద టీచరమ్మ గీత గీసి, పక్కన చిన్న అక్షరాలతో రాసింది: "ఇది నాకు తెలియదు. క్లాసులో చెప్పగలవా?"

పేపరు అమ్మీకి చదివి వినిపించాను. ఆమె విన్నదంతా విని, "ఆ మూడో షేర్‌లో ఒక లఫ్జ్ గలత్ రాసింది" అంది. అంతే. కానీ పడుకునే ముందు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని సున్నీలో దాచిన అలిఫ్ బే ఖాయిదా ఒకటి తీసింది. నా చిన్నప్పటిది. అట్ట ఊడిపోయింది.

మీ ఇళ్లలోనూ ఇలాంటి దాదీలు, నానీలు ఉంటారు. బచ్చాలకు బడిలో ఏదైనా పోల్చి రాయమంటే ముందు వాళ్ల మంచం దగ్గరికి పంపండి. గైడు ఎప్పుడైనా దొరుకుతుంది.